హ్యాకథాన్ ఆదివారం సాయంత్రంతో అయిపోకూడదు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో హ్యాకథాన్ (అందరూ ఒకచోట కూర్చుని కొన్ని గంటల్లో సాఫ్ట్‌వేర్ రాసే కార్యక్రమం) అంటే ఒక పద్ధతి స్థిరపడిపోయింది. గేటు దగ్గర ఫ్లెక్సీ, 24 గంటలో 36 గంటలో జాగారం, చివర్లో డెమో, చెక్కు పట్టుకుని ఫొటో. ఆ డెమోలో చూపించిన యాప్‌ను సోమవారం పొద్దున తెరిచేవాళ్లు ఉండరు. ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చగలిగే సాఫ్ట్‌వేర్) పేరుతో పెట్టే హ్యాకథాన్‌ను కూడా ఇదే అచ్చులో పోస్తున్నారు. అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఓపెన్ సోర్స్‌లో అసలు పని కొత్త యాప్ కట్టడం కాదు. ఎవరో రాసిన కోడ్ ఓపిగ్గా చదవాలి, అందులో ఒక లోపం పట్టుకోవాలి, సరిచేసి పంపాలి, వాళ్లు అడిగిన మార్పులు మళ్లీ చేయాలి. ఒక్క రాత్రిలో తేలే పని కాదిది.

హ్యాకథాన్ పుట్టింది కూడా పోటీగా కాదు. 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు పది మంది ఒకచోట కూర్చున్నారు. అప్పట్లో ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే) సాఫ్ట్‌వేర్‌ను అమెరికా నుంచి బయటికి పంపడానికి చట్టం అడ్డుపడేది, అందుకే కెనడాలో కలిశారు. అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశారు. బహుమతులు తర్వాత వచ్చి చేరాయి.

బహుమతి ఏం చేస్తుందో 2020 అక్టోబర్‌లో చూశాం. ఏటా అక్టోబర్‌లో జరిగే ఓపెన్ సోర్స్ కార్యక్రమం హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పు చేసి, కలుపుకోమని పంపే వినతులు) పంపితే టీషర్ట్ ఇస్తామన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట చేర్చి పంపినవాళ్లు వేలల్లో తేలారు. ఖాళీ వేళల్లో జీతం లేకుండా ఆ ప్రాజెక్టుల బాగోగులు చూసే మెయింటైనర్లు ఆ చెత్త ఏరుకోలేక గొడవ పెట్టారు. నెల మొదటి వారంలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. ఆ నింద చాలావరకు మన దేశపు విద్యార్థుల మీదే పడింది. నేర్చుకోవాలని నిజంగా వచ్చిన పిల్లలు కూడా ఆ మాటలు పడాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

కిందటేడు ఇక్కడికి దగ్గర్లోనే ఒక కాలేజీ హ్యాకథాన్‌కు మెంటర్‌గా వెళ్లాను. అరవై మంది ఒకేసారి సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ మొదలుపెట్టేసరికి పదకొండు గంటలకే వైఫై చేతులెత్తేసింది. మధ్యాహ్నం భోజనాల దాకా ఇన్‌స్టాలేషన్‌తోనే సరిపోయింది. పుత్తూరు నుంచి బస్సులో వచ్చిన థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకరు మాత్రం ఒక నోట్స్ ప్రోగ్రామ్‌లో సెర్చ్ ఎందుకు పనిచేయడం లేదో చూస్తూ కూర్చుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’, ‘వే’ ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో కంటికి కనిపించని క్యారెక్టర్ ఒకటి పడుతుంది. ఒకరు ఆ క్యారెక్టర్‌తో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండూ వేరు వేరు పదాలు. అందుకే ఒక రకంగా రాసుకున్న మాట ఇంకో రకంగా వెతికితే దొరకదు. తెలుగులాంటి భాషల్లో టైపు చేసేవాళ్లకు తప్ప ఇంకొకరి కంటికి ఆనని లోపం ఇది. ఆ అమ్మాయి నాలుగు లైన్లలో సరిచేసి పంపింది.

సాయంత్రం ఫలితాల్లో ఆమె పేరు లేదు. చూపించడానికి డెమో లేదు కదా. తొమ్మిది రోజుల తర్వాత జర్మనీ నుంచి మెయింటైనర్ జవాబిచ్చాడు: మార్పు బాగుంది, దీనికి టెస్ట్ (మార్పు సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న కోడ్) కూడా రాసి పంపండి అని. టెస్ట్ ఎలా రాయాలో అడుగుదామంటే అప్పటికి ఎవరూ లేరు. సర్టిఫికెట్లు పంచేశారు, వాట్సాప్ గ్రూపు మూగబోయింది. ఇంటర్నల్ పరీక్షల మధ్య నాకు ఫోన్ చేసింది, ఇద్దరం రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఐదో వారంలో ఆ కోడ్ మెర్జ్ అయింది, అంటే అసలు ప్రోగ్రామ్‌లో కలిసింది. ఆ కార్యక్రమం మొత్తంలో నిలిచిన పని నాకు తెలిసి అదొక్కటే.

అందుకే హ్యాకథాన్ పెట్టేవాళ్లకు అసలు కష్టం ఆ రోజుకు నెల ముందు, ఆ తర్వాత రెండు నెలలు ఉండాలంటాను. తిరుమలలో శ్రీవారి సేవకు వచ్చినవాళ్లను చూడండి. స్కార్ఫ్ వేసి, నువ్వు కూరగాయలు తరుగు, నువ్వు క్యూలైన్ దగ్గర నిలబడు అని పని చూపిస్తారు. కొత్తవాళ్లని కొండ మీద వదిలేసి మీకు తోచింది చేయండి అనరు. ఇక్కడా అంతే. మెయింటైనర్లతో ముందే మాట్లాడి, కొత్తవాళ్లు చేయగలిగిన ఇష్యూలు (సరిచేయాల్సిన లోపాలు, పనులు) ముప్పైనో నలభైనో ఏరి పెట్టుకోవాలి. కావలసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లలో సిద్ధంగా ఉంచాలి. మెంటర్లు తెలుగులో చెప్పాలి. కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ గురించి ఇంగ్లిష్‌లో వింటూ తలూపిన కుర్రాడే తెలుగులో చెప్తే ఎదురు ప్రశ్న వేయడం నేను ఎన్నోసార్లు చూశాను.

రాత్రి జాగారం తీసేయాలి. ఈ ఒక్క మాట మీద నేను వెనక్కి తగ్గను. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రమే మూస్తారు, పలమనేరు, చిత్తూరు వెళ్లే పిల్లలకు ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. రాత్రంతా అని పెడితే సగం మందిని మనమే గుమ్మం దగ్గర ఆపినట్టు. వరుసగా రెండు ఆదివారాలు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా చాలు. మధ్యలో వారం రోజులు దొరుకుతాయి, మెయింటైనర్ జవాబు అందే వీలూ ఉంటుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజులు మాత్రం వద్దు, బయటి మెంటర్లకు ఊళ్లో గది దొరకదు.

పనికి కొదవేం లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. తెలుగును రోజూ వాడే ప్రోగ్రామర్లు ఎక్కువమంది పరీక్షించి ఉంటే ఇలాంటివి ముందే బయటపడేవి. పాత పుస్తకాల ఫొటోల్లోని అక్షరాలను చదివి టైపు చేసిన మాటలుగా మార్చే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ టెసెరాక్ట్ ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉన్న ఊరికి అంతకంటే దగ్గరి పని ఏముంటుంది? అందరూ కలిసి తయారుచేసే మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊళ్లకు, వీధులకు తెలుగు పేర్లు విడిగా చేర్చే వీలుంది, దానికి కోడింగ్ కూడా అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఉన్న మెనూలను తెలుగు చేయడానికి ప్రోగ్రామర్లకంటే భాష తెలిసినవాళ్లే ముఖ్యం. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివే పిల్లల్ని, ఏర్పేడు ఐఐటీ పిల్లల్ని, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అమ్మాయిల్ని ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టే అవకాశం మన జిల్లాలకు ఉంది.

ఫలితాలు ఆదివారం సాయంత్రం చెప్పాల్సిన అవసరం లేదు. మూడు నెలల తర్వాత లెక్క చూడండి: ఎన్ని మెర్జ్ అయ్యాయి, ఎంతమంది రెండోసారి పంపారు. స్పాన్సర్లు దీనికి ఒప్పుకోరేమో అంటారు. బహుమతి డబ్బును కుప్పం నుంచి వచ్చే పిల్లల బస్సు చార్జీలకూ భోజనానికీ పెట్టమని అడిగి చూడండి, ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

పుత్తూరు అమ్మాయి ఇప్పుడు ఫైనల్ ఇయర్. ఈసారి మెంటర్‌గా కూర్చుంటావా అని అడిగాను. ఏప్రిల్‌లో పరీక్షలున్నాయి సార్, మార్చిలో పెడితే వస్తానంది.