ముంపు పటానికి తాళమా?

విపత్తును ఏ ఊరు తట్టుకుంటుంది, ఏది కోలుకోలేక కుంగిపోతుంది అని తేల్చే పరిశోధనను దేశ భద్రత ఖాతాలో వేయడం ప్రభుత్వాలకు అలవాటవుతోంది. ఆ ముద్ర పడితే నిధులు వస్తాయి, ఫైళ్లు కదులుతాయి. ఆనక అదే ఫైలుకు తాళం పడుతుంది. మా అభ్యంతరమల్లా ఆ తాళం మీదే.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత, ఉగ్రవాదుల చేతికి చిక్కుతాయన్న భయంతో, అమెరికాలో అనేక ఆనకట్టల ముంపు పటాలను జనానికి అందకుండా చేశారు. కట్ట తెగితే నీరు ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో చెప్పే పటాన్ని, ఆ నీటి దారిలో కాపురముండేవారికే చూపకపోవడం ఎవరి భద్రత? 2003లో విపత్తు నిర్వహణ సంస్థ ఫెమాను దేశ అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలో కలిపారు. దృష్టి ఉగ్రవాదం వైపు మళ్లింది. 2004 జులైలో ‘హరికేన్ పామ్’ అనే ఊహాజనిత తుపాను కసరత్తులో న్యూఆర్లియన్స్ నగరం మునగడాన్ని అధికారులు కాగితం మీద ముందే చూశారు. 13 నెలలకు కత్రినా తుపాను వచ్చి నగరంలో 80 శాతాన్ని నిజంగానే ముంచింది.

శత్రువుకు పనికొచ్చే వివరాలు కొన్ని ఉంటాయని భద్రతా నిపుణులు అంటారు. విద్యుత్ కేంద్రాల లోపాల వంటి వాటిలో అది కాదనలేం. కానీ ఆ మినహాయింపును అడ్డుపెట్టుకుని మొత్తం పరిశోధనను బీరువాలోకి నెట్టేస్తున్నారు.

1970 నవంబరు తుపానులో నేటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం 3 లక్షల మంది చనిపోయారని అంచనా. 1972లో ఆ దేశం తుపాను సన్నద్ధత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు 70 వేలకు పైగా స్వచ్ఛంద సేవకులు ప్రమాద తీవ్రతను బట్టి ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేస్తారు, మెగాఫోన్లతో ఇంటింటికీ తిరుగుతారు. మూడు జెండాలు ఎగిరితే ఏం చేయాలో ఊరందరికీ తెలుసు కనుకనే అవి పనిచేస్తాయి. ఆ అర్థాన్ని దాచిపెడితే అవి గుడ్డముక్కలే. 1995లో జపాన్‌లోని కోబె భూకంపంలో శిథిలాల నుంచి ఎక్కువమందిని బయటికి లాగింది ఇరుగుపొరుగు, కుటుంబసభ్యులే. అదే భూకంపం తాకిన అవాజీ దీవిలో ఎవరు ఏ గదిలో పడుకుంటారో కూడా పక్కింటివారికి తెలుసు. ఏ నిఘా విభాగం దగ్గర ఉంది ఆ సమాచారం?

విపత్తు ముప్పు సమాచారాన్ని 2030 నాటికి ప్రజలకు మరింతగా అందుబాటులోకి తెస్తామని 2015లో జపాన్‌లోని సెందాయ్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందాన్ని వేదికల మీద వల్లించే ప్రభుత్వాలే కార్యాలయానికి తిరిగివచ్చి పరిశోధన నివేదికల మీద రహస్య ముద్ర కొడుతుంటే దాన్ని కపటం అనక ఏమనాలి? ఇవాళ ముంపు పటం దాచడాన్ని ఒప్పుకుంటే, రేపు వడగాడ్పు మృతుల లెక్కకు, ఎల్లుండి కొండచరియల హెచ్చరికకు అదే సాకు చెబుతారు. పటాన్ని బీరువాలో పెట్టుకుని, మునిగినవాడిని ‘చెప్పినా వినలేదు’ అని నిందించడానికి సిగ్గుపడాలి.