అరగంటలో గది రెడీ అట! ముందు ఆ బకెట్ పారబోయండి

ఒడిశాలో గోపాల్‌పూర్, బరంపురం వైపు హోమ్‌స్టేలు నడిపేవాళ్ళ ఫోన్లలో దసరా ముందు నుంచీ ఒక మెసేజ్ తిరుగుతోంది. బకెట్ నీళ్ళలో బ్లీచింగ్, టాయిలెట్ క్లీనర్, ఫ్లోర్ క్లీనర్, సబ్బుపొడి కలిపి గదంతా స్ప్రే చేయాలట. తుడవక్కర్లేదట. ఘాటు ఎంత ఉంటే అంత పవరట. పరుపు మీద కొడితే నల్లులు పోతాయట, చివర్లో కర్పూరం వెలిగిస్తే వైరస్ ఉండదట. అరగంటలో గది రెడీ. సముద్రం పక్కన రెండు గదులు అద్దెకిస్తున్నాను కదా, నాకూ ఆరుగురు పంపారు.

మిగతావన్నీ తప్పులు, బకెట్ మాత్రం ప్రమాదం. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పైకి పోకుండా నేల దగ్గరే పరుచుకుంటుంది. మన బాత్రూంలు కడిగేది ఎలా? గొంతుక్కూర్చుని, మొహం నేలకి మూరెడు దూరంలో పెట్టి. పోయిన సీజన్‌లో మా దగ్గర పనిచేసే అత్త కమోడ్‌లో క్లీనర్ పోసి, మరక పోలేదని పైన గుప్పెడు బ్లీచింగ్ చల్లింది. రెండు నిమిషాల్లో దగ్గుకుంటూ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "బాబూ, గొంతులో కారం కొట్టినట్టుంది" అంది, కళ్ళు తెరవలేక. నీళ్ళతో కళ్ళు కడిగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తప్పు ఆవిడది కాదు. రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టింది నేను.

ఇంతా చేసి ఆ కలగూరగంపకి బలం పెరుగుతుందా అంటే, అదీ లేదు. చాలా ఫ్లోర్ క్లీనర్లలో క్రిముల్ని చంపేది బెంజాల్‌కోనియం క్లోరైడ్. సబ్బుపొడి తగిలితే దాని పవర్ పోతుంది.

తుడవక్కర్లేదన్న మాట మరీ అన్యాయం. జిడ్డు, ఇసుక, ఒంటి నూనె ఉన్నచోట బ్లీచింగ్‌లోని క్లోరిన్ వాటి మీదే ఖర్చైపోతుంది. అందుకే ముందు సబ్బునీళ్ళతో తుడవాలి, క్రిముల్ని చంపే మందు ఆ తర్వాతే. గదుల్లో మందు స్ప్రే చేయడం, పొగలా కొట్టడం మామూలు పద్ధతిగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. గుడ్డ తడిపి తుడవమంది. 5 శాతం ద్రవ బ్లీచ్ అయితే 20 మిల్లీలీటర్లు తీసుకుని, నీళ్ళు పోసి లీటరు చేస్తే సరిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. కుళాయి, గడియ తుడిచాక ఐదు నిమిషాలు తడిగా ఉండనిచ్చి, తర్వాత మంచినీళ్ళ గుడ్డ పెట్టాలి. లేకపోతే ఇక్కడి ఉప్పుగాలికి ఇప్పటికే తుప్పుపట్టిన గడియలు ఇంకో ఏడాది కూడా ఆగవు. టీవీ రిమోట్‌కి, స్విచ్‌లకి 70 శాతం ఆల్కహాల్ గుడ్డకి అద్ది వాడండి, నేరుగా కొట్టకండి.

ఘాటు సంగతికొస్తే, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది. ఆ తర్వాత బావిలో వేయగా మిగిలిన బ్లీచింగ్ సంచి మా వరండాలో ఏళ్ళపాటు ఉంది. చెమ్మకి గడ్డకట్టింది, సత్తువ పోయింది, వాసన మాత్రం పోలేదు.

నల్లులు ఫ్లోర్ క్లీనర్‌కి చావవు, పక్క సందులోకి జరుగుతాయి. మన అమ్మమ్మలు నులకమంచం బయటికి లాగి, మంచంకోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. వాళ్ళది సరైన దారి. నల్లికి వేడి అంటే చావే. దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికించండి. గెస్టు వెళ్ళగానే టార్చి వేసి పరుపు అంచు కుట్టు వెంబడి చూడండి. బాల్‌పెన్నుతో పెట్టినట్టు నల్లచుక్కలుంటే ఆ గది బుకింగ్ ఆపి, పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవండి. డబ్బు పోతుంది, నిజమే. రివ్యూలో "నల్లులు" అన్న మాట పడితే ఇంకా పోతుంది.

కర్పూరం దేవుడి దగ్గర వెలిగించుకోండి.

ఇక అరగంట. మా ఇద్దరికి ఒక గదికి రెండు గంటలు పడుతుంది, అందులో గంట కిటికీలు తెరిచి ఆరబెట్టడానికే. పదింటికి చెకవుట్, ఒంటిగంటకి చెకిన్ అని ముందే చెప్పేస్తాం. కలకత్తా నుంచి పొద్దున రైలు దిగేవాళ్ళు సణుగుతారు. సామాను వరండాలో పెట్టించి, టీ ఇచ్చి బీచికి పంపిస్తాం.

ఇదంతా గ్రూపులో రాసి పెట్టాను. నలుగురు దండం బొమ్మ పెట్టారు. నిన్న అదే మెసేజ్ మళ్ళీ వచ్చింది, ఈసారి ఒడియాలో.