పంప్ షాట్‌గన్: బీరువాలో పెట్టడానికా, ఆదివారం కాల్చడానికా?

అమెరికాలో ఫ్రిస్కోలోనో ఆల్ఫరెటాలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు నలుగురు కలిస్తే, ప్రాపర్టీ టాక్సులూ పిల్లల స్కూళ్లూ అయ్యాక మాట తుపాకీ మీదికి మళ్లడం మామూలైపోయింది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో భారతీయుల ఇళ్లనూ ఇతర ఆసియా దేశాలవాళ్ల ఇళ్లనూ ఏరి మరీ ఒక ముఠా దోచుకుంది. ఆ ముఠాను నడిపిన హ్యూస్టన్ మహిళకు మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది. మన ఇళ్లలో నగలుంటాయని దొంగలకు బాగానే తెలుసు.

తుపాకీ కొందామనుకున్నవాళ్లకు పక్కింటాయనో ఆఫీసు స్నేహితుడో ఇచ్చే సలహా దాదాపు ఒకటే. ‘పంప్ షాట్‌గన్ తీసుకో. చవక, చెడిపోదు, గురి చూడక్కర్లేదు, ఆ చప్పుడు వింటేనే దొంగ పారిపోతాడు.’ పంప్ షాట్‌గన్ అంటే ఒక్క తూటాతో చాలా సీసపు గుళ్లు చిమ్మే, ప్రతిసారీ చేత్తో లాగి కొత్త తూటా ఎక్కించే పొడుగు తుపాకీ. ఆ సలహాలో మొదటి రెండూ నిజం. చివరి రెండూ నమ్మి కొంటే ఇబ్బందే. నన్నడిగితే పంప్ షాట్‌గన్ మంచి ఎంపికే, కానీ దాన్ని నెలకోసారైనా రేంజికి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) తీసుకెళ్లి కాల్చే ఓపిక ఉండాలి. కొని బీరువాలో పెట్టేసి, అవసరమైన రాత్రి బయటికి తీద్దామనుకునేవాళ్లను ఇంతలా మోసం చేసే తుపాకీ మరొకటి లేదు.

మోడళ్ల దగ్గరికి వెళ్లేముందు వీసా సంగతి తేల్చుకోవాలి. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1 లాంటి నాన్‌-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దె తుపాకీతో కాల్చినా అదే లెక్క. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువగా వినిపించేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. అయితే చదువుకోవడానికి వచ్చిన తమ్ముడు అదే ఇంట్లో ఉంటుంటే, తుపాకీ పెట్టిన సేఫ్ తాళం ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద ప్రశ్నే అవుతుంది. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటీ చాలు. కాబట్టి తుపాకీ షాపుకంటే ముందు లాయరు దగ్గరికి వెళ్లడం మంచిది.

షాట్‌గన్‌కు ఇంత పేరు ఎలా వచ్చిందంటే, చాలావరకు మొదటి ప్రపంచ యుద్ధం వల్ల. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1897 పంప్ తుపాకీని అమెరికన్ సైనికులు కందకాల్లో వాడితే, 1918లో జర్మనీ అది యుద్ధ నియమాలకు విరుద్ధమని అధికారికంగా అభ్యంతరం చెప్పింది. ఆ భయంకరమైన పేరు వందేళ్లయినా వదల్లేదు. మన దగ్గర బ్యాంకు గుమ్మంలో గార్డు పట్టుకునే డబుల్ బ్యారెల్ కూడా అదే 12 బోరుదే (గొట్టం లోపలి వెడల్పు కొలత, అమెరికాలో 12 గేజ్ అంటారు), దాన్ని చూసి మాత్రం ఎవరికీ అంత గుబులు పుట్టదు.

పంప్ తుపాకీ పనిచేసే తీరులోనే దాని బలమూ ఉంది, బలహీనతా ఉంది. ఒకసారి కాల్చాక గొట్టం కింది పట్టును పూర్తిగా వెనక్కి లాగి, మళ్లీ పూర్తిగా ముందుకు తోస్తేనే పాత తూటా బయటపడి కొత్తది ఛాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి) ఎక్కుతుంది. ఆ పని చేసేది మన చెయ్యి. అందుకే తేలికపాటి ప్రాక్టీస్ తూటా వేసినా, బరువైన బక్‌షాట్ (లావు గుళ్ల తూటా) వేసినా తుపాకీకి తేడా ఉండదు. కాల్చగానే కొత్త తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్లలో కొన్ని బలహీనమైన తూటాలతో మొరాయిస్తాయి. కానీ భయంలో చెయ్యి వణుకుతుంటే లాగుడు సగంలోనే ఆగిపోతుంది. పాత తూటా ఇరుక్కుంటుంది, లేదా కొత్తది ఎక్కదు. తుపాకీవాళ్లు దీన్ని షార్ట్ స్ట్రోక్ అంటారు. ఇక్కడ యంత్రం తప్పేమీ లేదు, చేతికి అలవాటు లేకపోవడమే. ఆ అలవాటు యూట్యూబ్ వీడియోలు చూస్తే రాదు.

గురి చూడక్కర్లేదన్న మాట సంగతి. మామూలు డబుల్-ఆట్ (ఇది గుళ్ల సైజు పేరు) బక్‌షాట్ తూటాలో మూడోవంతు అంగుళం లావున్న సీసపు గుళ్లు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. అవి గొట్టం దాటాక గజానికి సుమారు ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటాయన్నది పాత లెక్క. ఇప్పటి మంచి తూటాల్లో అంతకూడా విచ్చుకోవు. అంటే పడగ్గది గుమ్మం నుంచి హాలు మధ్యకు, అయిదారు గజాల దూరంలో, అన్ని గుళ్లూ కలిపి అరచేయంత చోట్లో తగులుతాయి. గురి తప్పితే మొత్తం తప్పుతుంది. తప్పిన గుళ్లు ఎటు పోతాయి? అమెరికా ఇళ్ల లోపలి గోడలు ఇటుకవి కావు. చెక్క చట్రానికి రెండు వైపులా అరంగుళం డ్రైవాల్ పలకలు, అంతే. బక్‌షాట్ అలాంటి గోడల్ని ఒకటి కాదు, వరసగా కొన్నింటిని దాటిపోతుంది. పోనీ పిట్టల వేటకు వాడే సన్న గుళ్ల తూటా వేద్దామంటే, అది మనిషిని ఆపేంత లోతుకు దిగకపోవచ్చు. ఈ చిక్కుకు తూటా మార్చడం పరిష్కారం కాదు. ఏ గోడ వెనక ఎవరు పడుకుంటారో ముందే తెలుసుకుని, ఏ వైపుకు ఎప్పుడూ కాల్చకూడదో ఇంట్లో తేల్చుకోవాలి.

మన ఇళ్లలో ఇది ఇంకాస్త పెద్ద సమస్య. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికి లేచి, కోడలి నిద్ర పాడవకూడదని లైటు కూడా వేయకుండా వంటింట్లో గిన్నెలు వెతుక్కుంటారు. ఆ చప్పుడుకు మెలకువ వచ్చిన కొడుకు చేతిలో షాట్‌గన్ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే తుపాకీకి మంచి లైటు బిగించడాన్ని నేను అదనపు హంగుగా చూడను. షాట్‌గన్ పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, టార్చి పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. ఆ లైటును కూడా తుపాకీ ఎక్కుపెట్టి మనిషిని వెతకడానికి వాడకూడదు. ముందు గదిలో లైటు వేసి, గట్టిగా పిలిచి, ఇంట్లోవాళ్లందరూ ఎక్కడున్నారో తెలుసుకోవాలి.

ఇక చప్పుడు. పంప్ లాగిన ‘ఛక్-ఛక్’ వినగానే దొంగ పారిపోవచ్చు. పారిపోకపోతే మనం ఎక్కడున్నామో వాడికి చెప్పేసినట్టే. దాని మీద లెక్కలేసుకోవడం అనవసరం. 2013లో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ షాట్‌గన్ కొనుక్కోండి, బాల్కనీలోకి వచ్చి రెండుసార్లు పేల్చండి అని సలహా ఇచ్చారు. బెదిరించడానికి గాల్లోకి కాల్చడం చాలాచోట్ల నేరమే. ఉపాధ్యక్షుడే అలా మాట్లాడారంటే ఈ అపోహ ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థం చేసుకోవచ్చు.

సలహా ఇచ్చేవాళ్లు చెప్పని రెండు కేసులున్నాయి. 2013 నవంబరులో మిషిగన్‌లోని డియర్‌బోర్న్ హైట్స్‌లో, కారు ప్రమాదం జరిగిన కొన్ని గంటలకు తెల్లవారుజామున ఒక ఇంటి తలుపు కొట్టిన 19 ఏళ్ల అమ్మాయిని ఆ ఇంటాయన 12 గేజ్ షాట్‌గన్‌తో కాల్చి చంపాడు. 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని హెబ్రన్‌లో, దారి తప్పి ఒక ఇంటి డ్రైవ్‌వేలోకి వచ్చిన కారులో కూర్చున్న 20 ఏళ్ల అమ్మాయి ఇంకో ఇంటాయన షాట్‌గన్‌కు బలైంది. మొదటాయన తుపాకీ లోడై ఉందని తనకు గుర్తులేదన్నాడు. రెండో ఆయన కాలు జారితే అదే పేలిందన్నాడు. ఇద్దరికీ సెకండ్ డిగ్రీ మర్డర్ (ముందస్తు పథకం లేని హత్య) కింద శిక్ష పడింది. సొంత ఇల్లు, సొంత గుమ్మం అన్నంత మాత్రాన చట్టం కాపాడదు. ట్రిగ్గర్ మీద వేలు ఎప్పుడు పెట్టాలో శరీరానికి నేర్పకపోతే ఏం జరుగుతుందో కూడా ఈ రెండు కేసులూ చూపించాయి.

ఇవన్నీ తెలిసీ కొనదలచినవాళ్లకు ఏ తుపాకీ? నిజానికి పోటీ రెండు కుటుంబాల మధ్యే. రెమింగ్టన్ 870 వచ్చింది 1950లో, మాస్‌బర్గ్ 500 వచ్చింది 1960ల మొదట్లో. రెండూ ఒక్కోటి కోటికి పైగా తయారయ్యాయి. 870ది ఉక్కు శరీరం, లాగితే వెన్నలా జారుతుందని పేరు. కానీ 2018లో ఒకసారి, 2020లో మళ్లీ రెమింగ్టన్ దివాలా తీసింది. చేతులు మారాక న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఫ్యాక్టరీని 2024లో మూసేసి తయారీని జార్జియాకు మార్చారు. పాత 870 మంచి స్థితిలో దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. కొత్తది కొనేవాళ్లకు నా ఓటు మాస్‌బర్గ్‌కే.

కారణం సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) ఉన్న చోటు. మాస్‌బర్గ్‌లో అది తుపాకీ పైన, బొటనవేలి కింద ఉంటుంది. కుడిచేతివాళ్లకైనా ఎడమచేతివాళ్లకైనా ఒకేలా అందుతుంది, ఎర్ర చుక్క కనిపిస్తే కాల్చడానికి సిద్ధంగా ఉన్నట్టు. 870లో ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉండే బొత్తాం ఎడమచేతివాళ్లకు చికాకే. మాస్‌బర్గ్ వాళ్లదే చవక మోడల్ మావెరిక్ 88 రెండొందల యాభై డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. పనితనంలో వంక పెట్టలేం, కాకపోతే దీనికీ సేఫ్టీ అడ్డ బొత్తామే.

ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకునేది మాస్‌బర్గ్ 590ని. ఎక్కువ తూటాలు పడతాయి, చూడ్డానికి మిలటరీ తుపాకీలా ఉంటుంది. నేను మాత్రం ఆరు తూటాల 500నే తీసుకోమంటాను. ఇంటికి పనికొచ్చే గొట్టం పద్దెనిమిదిన్నర అంగుళాలది (పద్దెనిమిదికి తగ్గితే పొట్టి గొట్టపు తుపాకుల్ని కట్టడి చేసే 1934 నాటి ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది, ఆ జోలికి పోవద్దు). క్లే పక్షుల్ని (గాల్లోకి ఎగరేసే గుండ్రటి బిళ్లల్ని) కొట్టడానికి ఇరవై ఎనిమిది అంగుళాల గొట్టం హాయిగా ఉంటుంది. 500తో ఈ రెండూ ఒకే పెట్టెలో కాంబోగా అమ్ముతారు, మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు. 590లోనూ, 500లోనే ఎనిమిది తూటాల రకంలోనూ మ్యాగజైన్ గొట్టం (తూటాలు నింపే గొట్టం) పొడుగు వేరు కాబట్టి ఆ ఇరవై ఎనిమిది అంగుళాల గొట్టం ఎక్కదు. ఒకే తుపాకీ రెండు పనులకూ అంటే ఇదీ. ఆదివారం సరదాగా కాల్చిన అదే పట్టు, అదే సేఫ్టీ, అదే లాగుడు రాత్రి అవసరానికీ చేతిలో ఉంటాయి.

సైజు మీద మనవాళ్లు పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టరు. దుకాణంలో ఉండే తుపాకీ స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) సుమారు 14 అంగుళాలు, ఆరడుగుల మనిషికి సరిపోయేది. అయిదడుగుల రెండంగుళాల ఆవిడ దాన్ని భుజానికి ఆనిస్తే ముందు చెయ్యి పూర్తిగా చాచాల్సి వస్తుంది, లాగుడు సగంలో ఆగేది అక్కడే. స్టాక్ పొట్టిగా ఉన్న యూత్ మోడలో, పొడుగు మార్చుకునే స్టాకో తీసుకుంటే ఇంట్లో ఇద్దరికీ పనికొస్తుంది. 12 గేజ్ తన్నుడుకు భయపడి రెండోసారి రేంజికి రానివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు 20 గేజ్ చాలు, గదిలో దూరాలకు దాని శక్తికి లోటేమీ లేదు. కానీ రెండు గేజులూ ఒకే ఇంట్లో వద్దు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గొట్టంలోకి జారితే మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక 12 తూటా కాలిస్తే గొట్టం పగిలిపోతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే.

శిక్షణ విషయంలో ముందు ఒక బేసిక్ సేఫ్టీ క్లాసు, తర్వాత ఒక డిఫెన్సివ్ షాట్‌గన్ క్లాసు, ఆపైన ట్రాప్ రేంజి (క్లే పక్షుల్ని కాల్చే చోటు). ట్రాప్‌లో ఒక రౌండు అంటే 25 క్లే పక్షులు, ఒక తూటాల పెట్టెలో ఉండేవీ సరిగ్గా 25. నాలుగైదు రౌండ్లు అయ్యేసరికి లాగుడు ఆలోచన లేకుండా వచ్చేస్తుంది. ఇంట్లో డమ్మీ తూటాలతో ఎక్కించడం, దించడం అలవాటు చేసుకోవాలి, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి. తుపాకీ ప్రమాదాలు దించేటప్పుడూ తుడిచేటప్పుడూ కూడా జరుగుతాయి. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంకో చిన్న మాట. వేట మోడళ్ల మ్యాగజైన్‌లో ఒక చెక్క కడ్డీ పెట్టి పంపుతారు, బాతుల వేటలో మొత్తం మూడు తూటాలకు మించకూడదన్న నియమం కోసం. అది తీయకపోతే మీ ఆరు తూటాల తుపాకీలో మూడే పడతాయి.

ఇంట్లో తుపాకీ పెట్టే తీరు: ఛాంబర్ ఖాళీగా, మ్యాగజైన్ నిండుగా, సేఫ్టీ వేసి, గోడకు బిగించిన త్వరగా తెరుచుకునే సేఫ్‌లో. పంప్ షాట్‌గన్లలో చాలావాటికి కింద పడినా పేలకుండా ఆపే లోపలి ఏర్పాటు ఉండదు, అందుకే ఛాంబర్‌లో తూటా వద్దు. మంచం కింద, బీరువా వెనక దాచడం పిల్లలున్న ఇంట్లో అసలు కుదరదు. పిల్లలకు తుపాకీ అందేలా పెట్టడం టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో నేరం.

రేంజికి వెళ్లే తీరిక లేదంటారా, అందులో తప్పేం లేదు. అలాంటప్పుడు తుపాకీకీ సేఫ్‌కీ పెట్టే డబ్బుతో ముందు తలుపు చట్రానికి మూడంగుళాల స్క్రూలతో ఉక్కు స్ట్రైక్ ప్లేటు (గడియ దిగే చోట బిగించే పలక), పడగ్గదికి లోపలి నుంచి గడియ పడే గట్టి తలుపు, ఒక అలారం పెట్టించుకోండి. పండగ అయిన మర్నాడే నగలు బ్యాంకు లాకర్‌కు పంపేయండి.