స్క్రీను మూలన కొలువుదీరిన మినీమ్యాప్ గారికి

వీడియో గేముల్లో స్క్రీను మూలన కూర్చుని దారి చూపే చిన్న పటం, మహారాజశ్రీ మినీమ్యాప్ గారికి, ఆటగాళ్లు రాసుకున్నది.

మీరు లేకుండా ఒక ఆట బతికి బట్టకట్టిందని మీ చెవిన వేయడానికే ఈ ఉత్తరం. కెనడా డెవలపర్ ఆడమ్ రాబిన్సన్-యూ చేతిలో ఉన్న పెద్ద ఆటను పక్కనపెట్టి, 2019లో ‘ఎ షార్ట్ హైక్’ అనే బుల్లి ఆట విడుదల చేశాడు. తాపీగా ఆడినా గంటన్నరలో కొండెక్కేస్తారు. 2020లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ పెద్ద బహుమతి దానికే ఇచ్చింది. అందులో మీకు మూల కాదు కదా, మూలలో పిక్సెల్ కూడా ఇవ్వలేదు. బాధగానే ఉంటుంది, ఓర్చుకోండి.

కథ చీమ తలంత. క్లెయిర్ అనే పక్షి సెలవులకు ఒక దీవికి వస్తుంది. ఫోన్ రావాల్సి ఉంది, సిగ్నల్ లేదు. హాక్ పీక్ కొండ కొసకెళ్తే దొరుకుతుందని చెబుతారు. మీరైతే ఏం చేసేవారు? శిఖరం మీద పసుపు చుక్క, అక్కడిదాకా చుక్కల గీత, పక్కనే ‘ఇంకా 412 మీటర్లు’. మేము గానుగెద్దుల్లా ఆ గీత వెంట నడిచేవాళ్లం. మీ పాలన నడిచే ఆటల్లో మా చూపంతా మీ రూపాయిబిళ్లంత గుండ్రం మీదే కదా! అన్నేళ్లు కష్టపడి గీసిన అడవులు, నదులు మిగతా స్క్రీనులో అనాథల్లా పడి ఉంటాయి.

ఇక్కడ దారి చూపేది వాలు. నేల ఎటు లేస్తుంటే అటే శిఖరం. ఎంతవరకు ఎక్కగలరో తేల్చేది బంగారు ఈక. దీవి మొత్తం మీద ఇవి 20. అన్నీ లేకపోయినా పైకి చేరొచ్చు. ఒక్కో ఈకకు గాల్లో ఒక్కసారి అదనంగా రెక్క కొట్టి పైకి లేవొచ్చు. గోడ పాకినా ఖర్చయ్యేది ఇవే. కాలు నేలకు ఆనగానే మళ్లీ నిండుతాయి. కొత్తవాళ్లు జారిపడేది సరిగ్గా ఇక్కడే: గోడ మొదట్లోనే అతుక్కుని, ఈకలన్నీ కరిగించుకుని, కొస రెండు బారల దూరంలో ఉండగా సర్రున కిందికొస్తారు. నేల మీంచి వేసే మొదటి గెంతుకు ఈక ఖర్చు లేదు. కాబట్టి ముందు గెంతాలి, ఎత్తు అందాక గోడ పట్టాలి, మధ్యలో మడమ పట్టేంత గట్టు కనిపిస్తే దాని మీద నిలబడి ఊపిరి నింపుకుని మళ్లీ పాకాలి. అందుకే కళ్లు గోడను చదవడం నేర్చుకుంటాయి. మీరు పక్కనుంటే ఈ చదువు అబ్బేదా?

పడినా ఏమీ కాదనుకోండి. దెబ్బ తగలదు, ప్రాణం పోదు. గెంతు బటన్ నొక్కి పట్టుకుంటే రెక్కలు చాచి తేలుతూ, ఎప్పుడూ వెళ్లని ఏ ఇసుక ఒడ్డునో దిగుతారు. అక్కడ ఒకరు 15 గవ్వలు ఏరి తెమ్మంటారు, ఇంకొకరు కర్రతో బంతాట ఆడదామంటారు. కాలేజీ ఫీజు కోసం ఈకలమ్ముకునే పక్షి కూడా ఉంది. మన దగ్గర పిల్లల ఫీజులు కట్టే తల్లిదండ్రులకు ఆ పక్షి మీద ప్రత్యేకంగా జాలి కలుగుతుంది. ఇవన్నీ దారి తప్పితేనే దొరికేవి. మీ రాజ్యంలో దారి తప్పడం నేరం, ‘వెనక్కి తిరగండి’ అని బాణం గుర్తు గుడ్లురుముతుంది.

పైన మంచు మొదలయ్యాక లెక్క మారుతుంది. చలికి ఈకలు గడ్డకడతాయి, నేల మీద నిలబడ్డా నిండవు. వేడినీటి గుంటలో దిగితే కరుగుతాయి. ఆ ఆవిరి ఎక్కడ లేస్తోందో వెతుక్కోవడమే అప్పటి పని. మీరైతే అక్కడో నీలం బొట్టు పెట్టి ‘వేడినీళ్లు’ అని రాసేవారు, చలి కాస్తా పోయేది.

నిజం చెప్పుకోవాలి, మీ తరఫువాళ్లు అసలు లేకపోలేదు. వెతికితే ఒక దిక్సూచి దొరుకుతుంది. అయితే అది దిక్కు చెప్పి ఊరుకునే పెద్దమనిషి, దారి చెప్పదు. మలుపుల్లో కొయ్య బోర్డులున్నాయి. కెమెరా మాత్రం మన చేతిలో ఉండదు, చోటు మారేసరికి కోణం మారి ఎడమ ఏదో కుడి ఏదో కాసేపు తికమకపెడుతుంది. ఆ ఒక్క సందర్భంలో మీరు గుర్తొచ్చిన మాట వాస్తవం.

ఫోన్ ఎవరిదో, ఏం మాట్లాడారో మీకు చెప్పం. మీరు ముందే గుర్తు పెట్టేస్తారు.

ఇట్లు,
మీ గుండ్రం దాటి చూసినవాళ్లు

తా.క.: పెద్ద ఆటల్లో మిమ్మల్ని ఆపే స్విచ్ సెట్టింగ్స్‌లో ఏ మెనూ కింద, ఏ ఉపమెనూలో దాక్కుందో పట్టుకోవడానికి దయచేసి ఒక మ్యాప్ పంపగలరు.