ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పంపొద్దు

పోయిన సంక్రాంతికి తిరుపతి వెళ్లినప్పుడు యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఒక నాకౌట్ ఫుట్‌బాల్ టోర్నమెంటు చూశాను. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన పిల్లలు పొద్దున్నే మొదటి మ్యాచ్ ఓడిపోయారు. పదిన్నరకల్లా బూట్లు విప్పి, తడిసిన జెర్సీలు కవర్లో చుట్టుకుని, చెట్టు కింద బస్సు టైము కోసం కూర్చున్నారు. గోల్‌కీపర్ మోచేయి గీసుకుపోయి, మట్టీ నెత్తురూ కలిసి ఎండిపోయాయి. చీకటితోనే లేచి వచ్చిన పిల్లలు, ఆడింది ఒక్క మ్యాచ్. పక్కనే ఉన్న మా అక్క కొడుకు అన్నాడు: "మామా, ప్రాక్టీసైతే దినామూ ఉంటాది. మ్యాచ్‌లే ఉండవు."

ఆ టోర్నమెంటుకి చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. షీల్డు మీద మా పేర్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. వాడి మాట విన్నాక ఆ షీల్డు వైపు చూడలేకపోయాను.

ఇండియన్ యారోస్ జట్టు పుట్టింది సరిగ్గా ఈ బాధలోంచే. 2010లో భారత జట్టు కోచ్ బాబ్ హాటన్ ఆలోచన అది. అప్పట్లో దేశంలో పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్‌లో క్లబ్బులు గోల్స్ కొట్టే పని విదేశీ ఆటగాళ్లకి అప్పజెప్పేవి, మన కుర్రాళ్లు బెంచీ మీద కూర్చునేవాళ్లు. అందుకని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కుర్రాళ్లతోనే సొంతంగా ఒక జట్టు కట్టి, పెద్దవాళ్ల లీగ్‌లో దించింది. లీగ్‌లో 14 జట్లు, ఒక్కో జట్టుకి 26 మ్యాచ్‌లు. మిజోరం కుర్రాడు జేజే లాల్‌పెఖ్లువా పేరు దేశానికి తెలిసింది అక్కడే. మరుసటి ఏడాది స్పాన్సర్ పేరుతో అది పైలాన్ యారోస్ అయింది. ప్రీతమ్ కోటాల్ ఆ జట్టులోంచి వచ్చినవాడే. 2013లో జట్టును ఎత్తేశారు.

మళ్లీ ప్రాణం పోసుకున్నది 2017లో. ఆ అక్టోబర్ 9న ఢిల్లీలో, అండర్-17 ప్రపంచకప్‌లో కొలంబియా మీద కార్నర్ కిక్‌ని మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ తలతో గోల్‌లోకి కొట్టాడు. ఫిఫా ప్రపంచకప్‌లో, ఏ వయసు వాళ్లదైనా సరే, భారత్‌కి అదే తొలి గోల్. మ్యాచ్ 2-1తో ఓడిపోయాం. నేనైతే ఇక్కడ టీవీ ముందు లేచి నిలబడి ఏడ్చాను. ఆ పిల్లల్లో చాలామందిని రెండు నెలలు తిరక్కుండానే యారోస్ పేరుతో ఐ-లీగ్‌లో ఆడించారు. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి పట్టికలో అట్టడుగున నిలిచారు.

అదే వాళ్లమీద పడ్డ నింద. ఓడిపోయే జట్టుకి ఇంత ఖర్చెందుకన్నారు. అడుగున ఉన్నా కింది డివిజన్‌కి పంపకపోవడం అన్యాయమన్నారు. నాకు మాత్రం ఆ మినహాయింపే ఆ జట్టుకి ఊపిరి. ఓడినా వచ్చే వారం మ్యాచ్ ఉంటుందన్న భరోసా లేకుండా పద్దెనిమిదేళ్లవాడు ఆట ఎలా నేర్చుకుంటాడు? 2023లో బెంగళూరులో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచిన భారత జట్టులో జీక్సన్, అన్వర్ అలీ, ప్రీతమ్ ఉన్నారు. ముగ్గురూ యారోస్‌లో ఆడినవాళ్లే.

2022లో జట్టును మళ్లీ ఆపి, ఆ డబ్బును యువ లీగ్‌కి మళ్లిస్తామన్నారు. దేశం మొత్తానికి ఒక్క జట్టు చాలదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. మరి ఆ మ్యాచ్‌లు మా పుత్తూరుకీ చిత్తూరుకీ వచ్చినప్పుడు కదా!

ఫుట్‌బాల్ మనకి కొత్తదేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానంలో నిలబెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు, ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదువాడు. మన రాయలసీమలోనే, అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లోని ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఈ ఆట నేర్పుతోంది.

అందుకే మన ఫుట్‌బాల్ సంఘం కార్యవర్గానికి నా విన్నపం. నాకౌట్‌లో 16 జట్లు వస్తే ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పోతాయి, మొత్తం జరిగేవి 15 మ్యాచ్‌లు. దానికి బదులు ఎనిమిది జట్లతో, ప్రతి జట్టూ మిగతా అన్నింటితో రెండేసి సార్లు ఆడేలా లీగ్ పెడితే 56 మ్యాచ్‌లు, ప్రతి జట్టుకీ 14. షీల్డు, స్టేజీ, ఫ్లెక్సీ, శాలువాల డబ్బుని బస్సు చార్జీలకీ, రిఫరీలకీ, బంతులకీ, గ్రౌండ్‌లో గీతలు గీసే సున్నానికీ, మ్యాచ్ అయ్యాక పిల్లలకి గుడ్లూ అరటిపళ్లకీ పెడదాం. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, చంద్రగిరి, పాకాల, నగరి, పలమనేరు. ఆదివారం ఒక ఊళ్లో, వచ్చే ఆదివారం ఇంకో ఊళ్లో. ఎవరు ఎప్పుడు ఎవరితో ఆడాలో పట్టిక రాసి పెట్టాను. వచ్చే మీటింగ్‌కి తెస్తాను. మొదటి ఆదివారం శ్రీకాళహస్తికి సొంతూళ్లోనే మ్యాచ్ వేశాను.