వెంట్రుక పోతే పోయిందా?

మొండివాడు రాజుకన్నా బలవంతుడట. ఉక్రెయిన్ మీద టీవీ చర్చ పెట్టినా, నల్లగొండ గడియారం సెంటర్లో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నా ఆఖరికి తేల్చేది ఇదే: ఎవరికి పట్టుదల ఎక్కువో వాళ్లదే గెలుపు. మిగతా ఊళ్లవాళ్లు నమ్మితే నమ్మనీ, మనం నమ్మకూడదు. పట్టుదల ఎంతదాకా పనిచేస్తుందో, ఎక్కడ చెల్లదో మన తాతలు తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణాలు పెట్టి తేల్చిపోయారు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిననాడు ఆంధ్ర మహాసభ సంఘం అడుగుతున్నదేమిటి? వెట్టి పోవాలి. లెవీ పేరుతో ధాన్యం లాక్కోవద్దు. దున్నేవాణ్ణి భూమి మీద నుంచి వెళ్లగొట్టొద్దు. పాలకుర్తి ఐలమ్మ విసునూరు దొరతో తలపడింది ఇంకా చిన్నదాని కోసం. తాను కౌలుకు చేసిన నాలుగెకరాల వడ్లు తన ఇంటికే చేరాలి. చేరాయి. ఆ వడ్లను చూశాకే పక్క ఊరివాడి చేతికి గుత్ప (దుడ్డుకర్ర) వచ్చిందని నేనంటాను. మనం కథను తిరగేసి చెప్పుకుంటున్నాం, ధైర్యం ముందు పుట్టిందీ, గెలుపు తర్వాత వచ్చిందీ అని. అందుకునేంత ఎత్తులో ఉన్నదాన్ని ఒకసారి అందుకున్నాకే మనిషికి ధైర్యం వస్తుంది. కమ్యూనిస్టు పార్టీ లెక్కలో మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల భూపంపకం అట్లా ఊరు ఊరును చూసి ఎదిగినవే.

1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యాలు దిగాయి. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్లు పోయారు. ఊళ్లో సగం మందికి యుద్ధం అక్కడే అయిపోయింది. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో పార్టీ కలకత్తా మహాసభ ఢిల్లీ సర్కారునే కూలదోయాలని దారి గీసేసింది. విసునూరు గడీ మీద ఎత్తిన తుపాకీని ఇప్పుడు నెహ్రూ మీదికి తిప్పాలన్నమాట! అదే మనుషులు, అదే తెగింపు. నిజానికి తెగింపు ఇంకా పెరిగింది, నల్లమలలో తిండి లేక, మలేరియాతో, మూడేళ్లు. 1951 అక్టోబర్‌లో విరమించారు.

శత్రువు మారాడు, అంత పెద్ద సైన్యం ముందు ఎవరైనా ఓడిపోతారు, లక్ష్యానిదేం తప్పు అంటారు కొందరు మిత్రులు. నిజమే, శత్రువు మారాడు. మారాడని తెలిశాకైనా లక్ష్యాన్ని మార్చుకోవాలి కదా? పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి అన్నది అదే, నిజాం పోయాక తుపాకీ దించుదామని. ఆయన్ని మితవాది అన్నారు. 1952లో ఆ మితవాదే నల్లగొండ నుంచి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లాడు. అడవిలో ప్రాణమిచ్చినా దొరకనిది జనం ఓటేసి చేతిలో పెట్టారు.

ఉక్రెయిన్ సంగతీ ఇంతే. 2022లో కీవ్‌ను కాపాడుకుందామన్నారు, కాపాడుకున్నారు. 2023లో అజోవ్ సముద్రందాకా చొచ్చుకుపోదామన్నారు, మందుపాతరల మధ్య ఆగిపోయారు. ఒక్క ఏడాదిలో వాళ్ల పౌరుషం చచ్చిపోయిందా ఏమిటి?

కొండకు వెంట్రుక కట్టి లాగు, వస్తే కొండ, పోతే వెంట్రుక అని మనకో సామెత. చెప్పేవాడికి బాగుంటుంది. యుద్ధంలో ఆ వెంట్రుక మనిషి. తెలంగాణ పోరాటంలో పోయినవి నాలుగు వేల ప్రాణాలంటారు. అందులో ఎన్ని సెప్టెంబర్ 1948 తర్వాత పోయాయో లెక్క తీయమంటే మన వీరగాథలకు ఇబ్బంది.

ఈ జబ్బు యుద్ధాలతో ఆగలేదు, మన సర్కార్లకూ అంటింది. దళాలు తలదాచుకున్న అదే నల్లమల కింద ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం తవ్వుతున్నారు, శ్రీశైలం నీళ్లు ఫ్లోరైడ్ ఊళ్లకు తేవాలని. సుమారు నలభై నాలుగు కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తెరవడానికి వీల్లేదు. రెండు కొసల నుంచే తవ్వాలి. లోపలికి పోయిన యంత్రం వెనక్కి రాదు. ఇరవై ఏళ్లుగా పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, వేదిక మీద మాట మాత్రం మారలేదు: దృఢ సంకల్పంతో పూర్తి చేస్తాం. రాతి పొర బలహీనంగా ఉన్న చోట, ఊట ఎక్కువున్న చోట ఏం చేస్తారని అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు. నాకూ ఆ బిరుదు ఉంది. మా జిల్లాకు నీళ్లొద్దని ఎవడంటాడు? ఈ దారిలో, ఈ గడువులో వస్తాయా అని అడిగాం, అంతే.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. దూరపు రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లు. వారాల తరబడి బురద తోడితే ఇద్దరి మృతదేహాలు దొరికాయి.