ఏసీ గదిలో అల్లుడుగారికి

ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పదార్థాల గుట్టు గీతల్లో గీసి చూపే యంత్రం, మహారాజశ్రీ ఎఫ్‌టీఐఆర్ స్పెక్ట్రోమీటర్ గారికి, డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము చెమటలు కక్కుతూ క్షేమం, అక్కడ మీరు ఏసీలో చల్లగా క్షేమమని తలుస్తాం. అక్కడ అంటే దూరమేం కాదు, మా ల్యాబ్ పక్క గదే. మధ్యలో తాళం ఉండబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మీ సంబంధం ఎలా కుదిరిందో మీకు తెలీదు కదా. గ్రాంటు ఫిబ్రవరిలో వచ్చింది, మార్చి 31 లోపు ఖర్చు చూపించి యూసీ, అంటే డబ్బు వాడేశామన్న ధ్రువపత్రం, పంపాలి. అంటే పెళ్లిచూపులు, తాంబూలాలు, ముహూర్తం అన్నీ ఆరువారాల్లో. కొనుగోలు కమిటీలో కామర్స్ మాస్టారు ఒకరు ఉన్నారు, నిబంధన ప్రకారం ఉండాలట. "ఇన్‌ఫ్రారెడ్ అంటే ఎర్ర లైటు వెలుగుతుందా?" అని అడిగారు. వెలగదండీ, అసలు ఆ కాంతి కంటికే కనపడదు అంటే, "కనపడనిదానికి ఇన్ని లక్షలా!" అని సంతకం పెట్టారు. ఆయన ఇప్పటికీ మిమ్మల్ని 'ఆ ఎర్ర మిషన్' అనే అంటారు.

మీరు దిగిన రోజు కుంకుమ బొట్లు పెట్టారు, ప్రిన్సిపాల్‌గారు కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు మీమీద పడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. మీ లోపల కాంతిని రెండుగా చీల్చే పలక పొటాషియం బ్రోమైడ్‌తో చేసింది, అంటే ఒక రకం ఉప్పే, తడి తగిలితే మసకబారిపోతుంది. మాదేమో సముద్రపు గాలి ఊరు, జూలైలో పచ్చళ్లకే బూజు పట్టే చోటు. అందుకని మీకు రాత్రీపగలూ ఏసీ, ఒక డీహ్యూమిడిఫయర్, యూపీఎస్. స్టాఫ్ రూమ్‌లో ఫ్యాను తిరగడం లేదని పెట్టిన అర్జీ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇన్ని మర్యాదలు చేసినవాళ్లం మీకు తిండి పెట్టడం మర్చిపోయాం. ఏనుగును కొన్నవాళ్లు అంకుశం దగ్గర బేరమాడతారంటారే, అలా అన్నమాట. మిమ్మల్ని కొనడానికి పద్దు ఉంది గానీ, శాంపిల్‌తో కలిపి బిళ్ల నొక్కే కేబీఆర్ (అదే, పొటాషియం బ్రోమైడ్) పొడికి లేదు, తేమ పీల్చి పీల్చి గులాబీ రంగుకి తిరిగిపోయిన సిలికాజెల్ మార్చడానికి లేదు, వారంటీ అయ్యాక సర్వీసుకి అసలే లేదు. అది వేరే హెడ్డు అన్నారు. ఆ హెడ్డు ఎవరి తలలో ఉందో ఎవరికీ తెలీదు.

అందుకే మీ లాగ్‌బుక్‌లో రెండేళ్లకి 11 ఎంట్రీలున్నాయి. పదకొండూ పాలిస్టైరీనే! మీతోపాటే వచ్చిన ఆ ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క అన్నమాట. తనిఖీవాళ్లు వచ్చినప్పుడల్లా దాన్ని పెట్టి గీతలు చూపిస్తాం, వాళ్లు తలాడిస్తారు, టిఫిన్లు వస్తాయి, మళ్లీ తాళం పడుతుంది. పాలిస్టైరీన్ మీద ఇంత పరిశోధన చేసిన కాలేజీ ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

ఏటా ఫిబ్రవరి 28న, సైన్స్ డేకి, మీ గది గుమ్మం ముందు రామన్‌గారి ముగ్గు వేయిస్తాం. చిన్నప్పుడు మన విశాఖలోనే చదువుకున్న మనిషి. 1928లో రామన్ ఎఫెక్ట్ కనిపెట్టినప్పుడు ఆయనకి కాంతి సూర్యుడిచ్చాడు, డిటెక్టర్ అంటే కన్నే, గదికి తాళం వేసిన దాఖలా ఎక్కడా చదవలేదు. ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో భౌతికశాస్త్రవేత్త రంగధామరావుగారు స్పెక్ట్రోస్కోపీకి, అంటే కాంతితో పదార్థాన్ని చదివే విద్యకి, ఒక సంప్రదాయాన్నే పెంచారు. ఆ వారసత్వం గురించి నేనే మైకులో దంచుతాను, పిల్లలేమో మీ అద్దం తలుపు బయట నిలబడి సెల్ఫీ దిగుతారు.

అసలు విషయానికొస్తా. పోయినేడాది ఫైనలియర్ పిల్లలంతా సాలిసిలిక్ ఆమ్లం నుంచి ఆస్పిరిన్ చేశారు. అందరి రిపోర్టుల్లోనూ ఒకటే స్పెక్ట్రం (మీరు గీయాల్సిన గీతల పటం), పుస్తకంలోంచి తీసిన జిరాక్స్. ఒకమ్మాయి వచ్చి "సార్, 1750 దగ్గర ఎస్టర్ పీక్ వచ్చిందని రాశాను. నా దాంట్లో నిజంగా వచ్చిందా సార్?" అని అడిగింది. ఆస్పిరిన్ తయారైందని చెప్పే గుర్తు ఆ పీకే మరి. మార్కులు పడతాయిలేమ్మా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ అమ్మాయి తన శాంపిల్‌ని ఇంకా సీసాలో దాచుకుంది.

ఈలోగా కమిటీ మీకు తోడు వెతుకుతోంది, బెంచ్‌టాప్ ఎన్ఎంఆర్ అట, అణువుల నిర్మాణాన్ని అయస్కాంతంతో పట్టి చెప్పే యంత్రం. పెద్ద ఎన్ఎంఆర్‌లా అయస్కాంతాన్ని చల్లబరచడానికి లిక్విడ్ హీలియం అక్కర్లేదు, బల్లమీద సరిపోతుంది అని కరపత్రం చూపించారు. తాళం మాత్రం ఇప్పుడే కొనేశారు.

కాబట్టి మనవి. వచ్చే గురువారం మూడింటికి ఆ అమ్మాయి వస్తుంది. ఒక మిల్లీగ్రాము ఆస్పిరిన్, ఓవెన్‌లో ఆరబెట్టిన కేబీఆర్ వంద మిల్లీగ్రాములు తెస్తుంది, సీసా నా జీతంలోంచి కొన్నదే. బిళ్ల మొదటిసారి పగులుతుంది, రెండోసారి కూడా పగలొచ్చు, విసుక్కోకండి. తాళంచెవి సూపరింటెండెంట్‌గారి సొరుగులో ఉంది. ఆ సొరుగు తాళంచెవి కోసం వెతుకుతున్నాం.

ఇట్లు,
మీ పక్క గది